టైము అమ్మిన మేడమ్

మాకు జపనీస్ నేర్పిన మేడమ్ పోయారు. నోయిడాలో ఆఫీసు క్యాబ్ దిగుతుంటే వాళ్లమ్మాయి ఫోన్ చేసి, హిందీలో ఆ ఒక్క ముక్కా చెప్పి పెట్టేసింది. కొన్నాళ్లుగా మంచానే ఉన్నారని తెలుసు. ఇవాళ నేను అన్నం తింటున్నది ఆవిడ నేర్పిన భాషతోనే.

జనక్‌పురిలో ఆవిడ ఇంటి ముందుగదే మా క్లాసు. కాకినాడ యాసతో జపనీస్ చెప్పేవారు. తప్పు చదివితే తిట్టేవారు కాదు, టీ పెట్టమని వంటింట్లోకి తరిమేవారు. భాష కన్నా టీయే బాగా వచ్చినవాళ్లున్నారు మాలో.

తననీ చంటిపిల్లనీ భర్త వదిలేసి పోయాక, టోక్యోలో ఆవిడ మగాళ్ల పక్కన కూర్చుని కబుర్లు చెప్పే హోస్టెస్ బార్‌లో పనిచేశారు. దాచేవారు కాదు. జపాన్ కంపెనీల్లో చేరబోయేవాళ్లం, బాసులతో అలాంటి చోటికి వెళ్తే బిల్లు చూసి గుండాగి చావకూడదని విడమరిచి చెప్పేవారు.

"అక్కడ అమ్మేది మందు కాదమ్మా, టైము. మొదటి గంటకి ఒక రేటు. అదయ్యేముందు మేనేజరొచ్చి, ఇంకాసేపు ఉంటారా అని వంగి మరీ అడుగుతాడు. ఊఁ అన్నావా, అరగంటకింతని పడుతూనే ఉంటాది. ఫలానా అమ్మాయే కావాలంటే దానికి వేరే. ఆ అమ్మాయి తాగేదీ నీ బిల్లులోనే."

"ఇంతా కట్టి వాళ్లకేం దొరుకుతుంది మేడమ్?"

"వినే మనిషి. పొద్దస్తమానం బాసుకి తలూపి వస్తారు కదా, వాళ్లకీ ఒకరు తలూపాలి."

ఈ సంగతి మేడమ్ వెళ్లే చర్చిలో పాకింది. నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారు. కాలేజీలో ఉన్న కూతురికి చిలవలు పలవలతో బయటివాళ్ల నోట అందింది. అప్పటినుంచి ఆ పిల్ల తల్లితో అవసరానికి మించి మాట్లాడలేదు. "అడిగితే చెప్తాను. అడగదు," అనేవారు మేడమ్. ఆ పిల్ల మీద నాకు ఒళ్లు మండేది.

సమాధి కార్యక్రమం అయ్యాక ఇంట్లో ఆ పిల్లా నేనూ మిగిలాం. "దీదీ, మమ్మీ వహాఁ క్యా కర్తీ థీ? సచ్ బతావో," అంది, అమ్మ అక్కడ ఏం చేసేదో నిజం చెప్పమని.

మేడమ్ మాకు చెప్పినట్టే చెప్పాను. గంట రేటు, పొడిగింపు, అన్నీ. ఆ సంపాదనతోనే తనకి పాలడబ్బాలు కొన్న సంగతి కూడా.

ఆ పిల్ల వచ్చీరాని తెలుగులో, "వాళ్లు గంటకి ఇంత అని ఇచ్చి మమ్మీతో కూర్చున్నారు. నాకు ఫ్రీ. నేను కూర్చోలేదు," అంది.

ఆ పిల్ల లేచి తల్లి మంచం పక్కకి కుర్చీ లాక్కుంది. దుప్పట్లు అప్పటికే తీసేశారు. వట్టి పరుపు మీద చెయ్యి వేసి, అలాగే కూర్చుండిపోయింది.