ఖాళీ పార్కింగులో బెంచీ

మా అపార్టుమెంటు మూడో అంతస్తు బాబాయి పోయి పదిహేను రోజులైంది. నిద్రలోనే వెళ్లిపోయారు. పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. కబురు తెలిసిన గంటకే కింద ఇద్దరు నిలబడి, ఆయన పార్కింగు ఇంక ఎవరికిస్తారో అని మాట్లాడుకున్నారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేనే.

నాకు అనుమానం ఎక్కువ. పాలు చిక్కగా ఉంటే ఏం కలిపాడో అనుకుంటాను, పల్చగా ఉంటే సరేసరి. కూర్మన్నపాలెంలో, మెయిన్ రోడ్డు గేటు పక్కనే పార్కింగు ఉండి కూడా కారు కొనని మనిషిని చూసి ఊరుకుంటానా? అద్దెకిమ్మన్నా ఇవ్వలేదాయన. ఏదో మతలబు ఉందనుకున్నాను.

ఆయన ఉన్నప్పుడే ఒకసారి, రెండు రోజులు పేపరు అడ్డం పెట్టుకుని బాల్కనీలోంచి కాపు కాశాను. పొద్దున్న ఏడింటికి బాబాయి ఆ చోటు ఊడ్చి, పాత చెక్కబెంచీ వేసి, పక్కన నీళ్లకుండ పెట్టేవారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు గేటు బయటి బస్ షెల్టరు పీకేశారు, మళ్లీ కట్టలేదు. గాజువాక వైపు ఇళ్లలో పనికెళ్లే ఆడవాళ్లు, ఒక నర్సు వచ్చి ఆ బెంచీ మీద కూర్చునేవారు. బస్సు మలుపు తిరగ్గానే ఆయన గేటు దగ్గర నిలబడి, ఆపమని తువ్వాలు ఎత్తేవారు.

అసోసియేషన్ సెక్రటరీ హోదాలో దిగి, “ఎవరు బాబాయ్ వీళ్లంతా?” అన్నాను.

“ఈళ్లు నీకేటిత్తన్నారు అని అడగలేక ఇలాగడుగుతన్నావు కదేటి?” అని నవ్వారు. “మనుసులు కనపడితేనే బస్సు ఆగుద్ది బాబూ. ఆగకపోతే జనం లేరంటారు, బస్సు తీసేత్తారు. ఆనక అందర్నీ కార్లు కొనుక్కోమంటారు. షెల్టరు ఊరికే పీకలేదు. ఇందులో ఏటో ఉంది.”

నాకంటే ముదురు అనుమానం! ఆ రోజునుంచే ఆయనంటే ఇష్టం పుట్టింది. నా అనుమానాలతో ఎవరికీ ఒరిగిందేమీ లేదు. ఆయన అనుమానం వల్ల నలుగురు నీడన కూర్చున్నారు.

పెద్దకర్మ అయ్యాక పిన్ని పిలిచి, “నీ రెండో కారు ఎండలో మాడతంది కదా నాయనా, అక్కడెట్టుకో” అన్నారు. ఊరికే ఎందుకిస్తున్నారా అని ఒక్క క్షణం ఆలోచించాను. తర్వాత బెంచీ పక్కకు లాగి కారు పెట్టేశాను.

నిన్న పొద్దున్న బస్సు గేటు దగ్గర నెమ్మదించింది. డ్రైవరు లోపలికి తొంగి చూశాడు. బెంచీ లేదు, నా కారు ఉంది. పోనిచ్చేశాడు. నీడ కోసం పక్కగోడ వెనక నిలబడ్డ నర్సు, క్యారేజీ పట్టుకుని కొంతదూరం పరిగెత్తి ఆగిపోయింది. బాల్కనీలోంచి చూస్తున్న నేను కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. ఆయన పోయిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఈవేళ కారు తీసి వీధి చివర పెట్టాను. ఊడ్చి, బెంచీ వేసి, పిన్నినడిగి తెచ్చిన తువ్వాలు భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాను. బయట బస్సు కోసం నిలబడ్డవాళ్లను రమ్మని పిలిస్తే ఒక్కరూ కదల్లేదు.

“ఏటో, ఇయ్యాల సెక్రటరీగారే పిలుత్తన్నారు,” అని ఒకావిడ పక్కావిడతో గొణిగింది.

చివరికి నర్సు వచ్చి, సంచి ఒళ్లో గట్టిగా పట్టుకుని, నన్నే చూస్తూ బెంచీ అంచున కూర్చుంది. అంతలో బస్సు మలుపు తిరిగింది. నేను తువ్వాలు ఎత్తాను.