పుస్తకానికెక్కని మిల్లు

నూలు మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్లు ఫోన్లు కలిపిన మనిషిని అందరూ హలో అక్క అనే పిలిచేవారు. గొంతు వింటే చాలు, మాట్లాడేది ఎవరో, ఆ పూట ఇంట్లో ఏం గొడవైందో కూడా ఇట్టే పసిగట్టేది.

మిల్లు మూతపడ్డాక యజమానులు నూరేళ్ల చరిత్ర అంటూ అట్ట మెరిసే పుస్తకం వేయించి, పాత ఉద్యోగులకు తలా ఒకటి పంపారు. ఆమె కళ్లజోడు తగిలించుకుని ఒక్క బిగిన చదివేసింది. తాతగారి ఫొటో ఉంది, మనవడి ఫొటో ఉంది, తాతగారి గుర్రం ఫొటో కూడా ఉంది. ఇద్దరు ఆడవాళ్లు చనిపోయిన అగ్నిప్రమాదం గురించి మాత్రం ఒకే వాక్యం: "స్వల్ప నష్టంతో బయటపడ్డాం."

"గుర్రం పేరు రాశార్రా. మనవాళ్లలో ఒక్కరి పేరూ లేదు" అంది కొడుకుతో.

"పోనీలే అమ్మా, ఇప్పుడివన్నీ ఎవరు చదువుతారు?"

"రాసిపెడితే కదా చదువుతారో లేదో తెలిసేది! నీ పాత ఫోనులో మాటలు రికార్డవుతాయన్నావు. ఇలా తే."

మర్నాటి నుంచి మోకాళ్ల నొప్పులను లెక్కచేయకుండా గడప గడపా తిరిగింది. కాంటీన్ వంటాయన, బాయిలర్ మోతకు చెవులు పోగొట్టుకున్న పెద్దాయన, బేళ్లు మోసిన అన్నదమ్ములు. "నా బతుకులో ఏముందక్కా చెప్పడానికి!" అని మొదలుపెట్టి, రెండు గంటలైనా ఆపేవారు కాదు. విన్నది విన్నట్టు సాయంత్రాలు నోటుబుక్కుల్లోకి ఎక్కించేది.

లొంగనిది మిల్లులో అందరూ వదిన అని పిలిచే, రెండు వేళ్లు లేని ఆమె ఒక్కతే. ఆ ప్రమాదం రోజున కిటికీ అద్దాన్ని చేత్తో పగలగొట్టి పదకొండు మందిని బయటికి లాగిన మనిషి. మూడుసార్లు వెళితే మూడుసార్లూ టీ ఇచ్చి సాగనంపింది. నాలుగోసారి మిషను మీద దిండు గలీబు కుడుతూ, తలెత్తకుండానే అడిగింది.

"అందరి కథలూ రాస్తున్నావు. మరి నీదెవరు రాశారు?"

"నాదేముంది వదినా..." అనబోయి హలో అక్క నాలిక కరుచుకుంది.

"ఆ రోజు ఫోను దగ్గరున్నది నువ్వేగా? ఫైరింజన్ అంత ఆలస్యంగా ఎందుకొచ్చింది? ఇరవై రెండేళ్లుగా అడగాలనే ఉంది. ముందు అది చెప్పు. నాది తర్వాత."

బల్ల మీద ఫోను రికార్డు చేస్తూనే ఉంది. హలో అక్క ఆపుదామని చెయ్యి చాచింది. మళ్లీ వెనక్కి తీసుకుంది.

"ఏం జరిగినా ముందు మేనేజరుకు చెప్పాలి. ఆయన సరేనంటేనే బయటికి ఫోను. అదీ రూలు. వాళ్లింట్లో ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాను. మళ్లీ మళ్లీ చేశాను. ఆరు నిమిషాలు, వదినా. అప్పటికి గానీ రూలూ లేదు గీలూ లేదని ఫైరింజన్‌కి చేసే ధైర్యం రాలేదు నాకు. ఈ మాట మా ఆయనకి కూడా చెప్పలేదు."

కుట్టుమిషను ఆగిపోయింది. వదిన దారం తెంపి, గలీబు మడిచి పక్కన పెట్టింది.

"వెనక తలుపుకి తాళం వేసిందీ రూలేనే. మేం నూలు కండెలు ఎత్తుకుపోతామని. రెండూ పక్కపక్కనే రాయి. నీ ఆరు నిమిషాలూ దాచకు, వాళ్ల తాళమూ దాచకు. వేళ్లు పోయినందుకు నేనెప్పుడూ ఏడవలేదు. స్వల్ప నష్టం అన్నారు చూడు, అక్కడ కాలింది నాకు" అంది. ఆ తర్వాత పొద్దుగూకేదాకా చెబుతూనే ఉంది.

నలభై ఒక్కమంది కథలు రెండు లావుపాటి సంపుటాలయ్యాయి. వాటిని చంకన పెట్టుకుని ఆమె గ్రంథాలయానికి వెళ్లింది.

"రచయిత పేరు లేకపోతే రిజిస్టరులో ఎక్కించలేమండీ" అన్నాడు గ్రంథాలయాధికారి.

"నలభై ఒక్కమంది ఉన్నారు. రాసుకోండి."

"అంతమందికి గడి సరిపోదమ్మా."

"అయితే గడి పెంచండి. అందాకా ఇక్కడే కూర్చుంటాను."

అన్నట్టే కూర్చుంది. రోజూ తలుపు తీసే వేళకు వచ్చి, మూసే వేళకు వెళ్లేది. అయిదో రోజు నుంచి బాయిలర్ పెద్దాయన కూడా తోడొచ్చాడు. ఆయనతో ఏం చెప్పాలన్నా అరవాల్సిందే. చదువుకోవడానికి వచ్చినవాళ్లు అధికారి మీద పడ్డారు. పదో రోజున ఆయన రిజిస్టరుకు అదనంగా ఓ కాగితం అంటించి, నలభై ఒక్క పేర్లూ తన చేత్తోనే రాశాడు. సగంలో ఒక పేరు దగ్గర ఆగి, సంపుటం తెరిచి ఆ కథ నిలబడే చదివాడు.

తర్వాతి వారం హలో అక్కతో కలిసి వదిన గ్రంథాలయానికి వచ్చింది. మిగిలిన వేళ్లతో పేజీలు తిప్పుతూ చదివి, "ఈ వంటాయన కోతలకు అంతే లేదు!" అని నవ్వింది. సంపుటం మూసి లేచింది.

"అద్దకం విభాగం పెద్దామె కింది వీధిలోనే ఉంటోంది. తొంభైకి దగ్గర పడింది. ఆమెనెవరూ అడగలేదట. ఫోనులో ఛార్జింగుందా?"

"ఉంది."

"మరి పద."