గేటు దగ్గర ఆగిన పెద్దమ్మ

పెద్దమ్మ పోయింది. ఈ మాట నాకు ఎవరూ వచ్చి చెప్పలేదు. మా ఇంటి వెనక గదిలో, నేను చెంచాతో పోసిన నీళ్ళు ఒక్క గుటక మింగి తల పక్కకు వాల్చింది. కళ్ళు నేనే మూశాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. కానీ సాయంత్రానికల్లా మా చర్చి మైకులో ఆ వార్త చెప్పిన తీరు విన్నాక ఏడుపు ఆగిపోయి ఒళ్ళు మండింది.

"మన సంఘానికి మూలస్తంభం, విశ్వాస వీరురాలు ప్రభువునందు నిద్రించారు. రేపు ఉదయం వారి భౌతికకాయాన్ని మందిరంలో ఉంచుతున్నాము." మూలస్తంభమట! ఆ స్తంభం ఏళ్ళ తరబడి ఆ గడప తొక్కలేదన్న సంగతి మైకు చెప్పలేదు. ఎందుకు తొక్కలేదో అసలే చెప్పలేదు.

చీకటి పడకముందే సంఘ కార్యదర్శి మా ఇంటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కార్యక్రమం రాసుకున్న కాగితం.

"శవపెట్టె ఎన్నింటికి తెస్తరు సిస్టర్? పై ఆఫీసు నుంచి పెద్దలొస్తున్నరు. బల్ల, తెల్లగుడ్డ, పూలు, అన్నీ తయారు."

"పెట్టె లోపలికి రాదు," అన్నాను.

"రాదంటే ఏంది?"

"గేటు దాకనే వస్తది. ఆమె చెప్పి పోయింది."

అతని మొహం కందగడ్డ అయింది. "చచ్చినంక గూడ ఇంత పంతమా? ఊళ్ళె సంఘం పరువేం గావాలె?" అన్నాడు. పరువు గురించి ఆయన దగ్గర నేర్చుకోవాల్సిన ఖర్మ నాకు పట్టలేదని చెప్పి పంపించాను. నాకు నోరు ఎక్కువేనని మా సంఘంలో అందరికీ తెలుసు. ఆ పంతం ఏమిటో ఆమెను ఎరగని మీకు కూడా తెలియాలి.

మా చర్చి పెద్దదేం కాదు. డెబ్బైల మొదట్లో నేను పెద్దదవాఖానాలో నర్సుగా చేరినప్పుడు అది ఒక పెంకుల హాలు, ముందు చిన్న వరండా, వెనక వంటకు ఒక రేకుల కొట్టం. దాన్ని కట్టింది డబ్బున్న వాళ్ళు కాదు. చండ్రుగొండ వైపు పల్లెల నుంచి వచ్చి ప్యూన్లుగా, ఆయాలుగా, బడిపంతుళ్ళుగా కుదురుకున్నవాళ్ళు ఆదివారాలు ఇటుకలు మోసి కట్టుకున్నారు. దవాఖానా పక్కనే స్థలం ఎందుకు వెతికారో అప్పటి ముసలి పాస్టరు గారు ఎప్పుడూ చెప్పేవారు. అడివి ఊళ్ళ నుంచి రోగిని మోసుకొచ్చినవాళ్ళకు ఈ పట్నంలో తల దాచుకునే చోటు లేదు, ఆ చోటు కావాలనే ఈ గుడి. పాటలూ ప్రసంగాలూ ఆ తర్వాతే అనేవారు. ఆ మాటను పని చేసి చూపించినామె పెద్దమ్మ. సంఘం లెక్కలో ఆమె ఉద్యోగం పేరు బైబిల్ స్త్రీ, అంటే ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే మనిషి. పిల్లలకూ ముసలివాళ్ళకూ, ఆఖరికి పాస్టరు గారికీ కూడా ఆమె పెద్దమ్మే.

క్రైస్తవుల ఇళ్ళలో గుప్పెడు బియ్యం అని ఒక అలవాటు ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఆడవాళ్ళు అందులోంచి ఒక గుప్పెడు తీసి దేవుడి పేరున డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా గుడికి తెస్తారు. చాలా చోట్ల ఆరాధన అయ్యాక ఆ బియ్యం వేలం వేస్తారు. మా దగ్గర వేలం లేదు. పెద్దమ్మ అన్ని డబ్బాలూ ఒకే గంపలో కుమ్మరించి, వారమంతా ఆ బియ్యమే కొట్టంలో వండేది. ములకలపల్లి అవతల నుంచి జ్వరంతో వచ్చినవాడి తల్లీ, పురిటికి వచ్చిన పిల్ల మొగుడూ వరండాలో కూర్చుని అదే తినేవారు. ఒకరింటి సన్నబియ్యం, ఒకరింటి దొడ్డుబియ్యం, ఇంకొకరింటి పాతబియ్యం కలిస్తే ఆ అన్నం ఏనాడూ సమంగా ఉడికేది కాదు. ఒకసారి నేను పళ్ళెం ముందు మొహం చిట్లించాను.

"ఇది సంఘమన్నం," అంది పెద్దమ్మ. "కొన్ని మెతుకులు మెత్తగుంటయ్, కొన్ని పలుకుంటయ్. నీ అసోంటియి అసలే ఉడకయ్. అయినా కుండ ఒక్కటే గదా, తిను."

నా వార్డులో రోగి తాలూకు వాళ్ళు దిక్కులు చూస్తుంటే చర్చి దారి చూపించేదాన్ని. ఆమె వాళ్ళను కులం అడిగేది కాదు, మతం అడిగేది కాదు. "ఏమన్న తిన్నవా?" అని అడిగేది. తిన్న తర్వాత ప్రార్థన చేయనా అని అడిగేది. వద్దంటే సరేనని గిన్నెలు తోముకునేది. నెలకోసారి గుడ్డసంచీ తగిలించుకుని బస్సెక్కి వాళ్ళ ఊళ్ళకే పోయేది. సువార్త చెప్పడానికే పోతుందని సంఘంలో అనుకునేవాళ్ళు. ఒకసారి సెలవు పెట్టి నేనూ వెంట వెళ్ళాను. పెద్దమ్మ ఇప్పపూలు ఎండేసిన వాకిట్లో చతికిలబడి, ఆడవాళ్ళతో కలిసి చింతపండు గింజలు తీస్తూ, ఫలానా పిల్లాడు మాత్రలు సగంలో మానేశాడేమోనని ఆరా తీసింది. వాళ్ళ కోయభాష వచ్చీరానట్టు మాట్లాడితే వాళ్ళు పడీ పడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఆమెను దేవతను చేసి చెప్పడం లేదు. చిన్నదానికీ పెద్దదానికీ కసురుకునేది. నశ్యం పీల్చేది. ప్రసంగం మంచి పట్టులో ఉండగా ఆమె తుమ్మితే గుడంతా ఉలిక్కిపడేది. "ప్రభువుకెరుకే, పాస్టరుకు చెప్పకు," అని డబ్బీ బొడ్లో దోపుకునేది.

ఎనభైలు సగం దాటేసరికి మా వాళ్ళ రోజులు మారాయి. పిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాలు తెచ్చుకున్నారు. మంచిదే, నాకూ సంతోషమే. పెంకుల హాలు పోయి స్లాబు వచ్చింది, మొజాయిక్ వచ్చింది, ఫ్యాన్లు వచ్చాయి. వాటితో పాటే చుట్టూ గోడ, ఇనుప గేటు, గేటుకు తాళం. కొట్టం కూలగొట్టి స్కూటర్లు పెట్టుకునే చోటు చేశారు. గేటు పక్కన నల్లరాతి మీద "మా సంఘ ఉద్దేశము: ప్రేమ, సేవ, సువార్త" అని చెక్కించారు. దాని కిందే "అనుమతి లేనిదే లోనికి రారాదు" అని ఒక రేకు కొట్టారు. ఆ రెండూ ఒకదాని కింద ఒకటి చదివి ఒక్కరైనా నవ్వలేదు.

గుప్పెడు బియ్యం వేలానికి పోవాలని కమిటీ తీర్మానించిన రోజు నేనూ ఆ మీటింగులో ఉన్నాను. అప్పుడే కొత్తగా కార్యదర్శి అయిన ఇతనే లేచి, "పెద్దమ్మా, ఇన్నేండ్ల సంది అన్నం పెడుతున్నవ్. ఎందరు బాప్తిస్మం తీసుకున్నరు?" అని అడిగాడు.

"ఎందరు బతికిన్రో అడగవేంది అయ్యా?" అంది పెద్దమ్మ.

ఆ కార్యదర్శి ఎవరనుకున్నారు? వాళ్ళ నాన్న క్షయతో దవాఖానాలో ఉన్నన్నాళ్ళూ ఆ కుటుంబం మా వరండాలోనే ఉంది. అప్పుడతను పరీక్షకు ఫీజు కట్టిన కుర్రాడు. ఆ గచ్చు మీద పుస్తకాలు పరుచుకుని, ఆ సంఘమన్నం తిని చదివాడు. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళను చూశాను గానీ, వెనక వచ్చేవాళ్ళు ఒడ్డున నిలబడి ఉండగా, వాళ్ళ కళ్ళ ముందే తగలేసినవాణ్ణి ఇతన్నే చూశాను. చేతులెత్తమంటే బియ్యం వండాలన్న పక్షాన ఆమె చెయ్యి, నా చెయ్యి, ఇంకో ఇద్దరు ముసలమ్మల చేతులు లేచాయి. అంతే.

అయినా ఆమె ఆగలేదు. మాలాంటి కొందరి దగ్గర బియ్యం నేరుగా తీసుకుని, తన కిరాయి గదిలో వండి, దవాఖానా గోడ పక్కకు మోసుకుపోయేది. ఆదివారం మాత్రం మానకుండా గుడికి వచ్చి వెనక వరసలో కూర్చునేది. "ఇల్లన్నంక పెద్దోళ్ళతోని చిన్నోళ్ళకు లడాయి రాదా? సంఘం గూడ గంతే," అనేది. వాళ్ళు ఏదో ఒకనాటికి మారుతారనే అనుకునేది. నాకు ఆ నమ్మకం లేదు, ఆమె మొహం మీదే చెప్పేదాన్ని.

కొన్నాళ్ళకు ఒక వానాకాలం నా వార్డులో ములకలపల్లి వైపు నుంచి వచ్చిన ఒక పడుచువాడు జ్వరంతో చనిపోయాడు. వెంట పెళ్ళాం ఒక్కతే ఉంది, చంకలో బిడ్డ. దారిలో వాగు పొంగింది, తెల్లారితే గాని రానన్నాడు జీపువాడు. అప్పటిదాకా శవాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆ పిల్లకు తెలియదు. పెద్దమ్మ రిక్షా మాట్లాడి, శవాన్నీ ఆ పిల్లనూ ఎక్కించుకుని చర్చి దగ్గరికి తెచ్చింది. డ్యూటీ దిగి నేనూ వెళ్ళాను. రిక్షాను వీధి మలుపులో వేపచెట్టు కింద ఆపి, ఆ పిల్లను అక్కడే ఉంచి, పెద్దమ్మా నేనూ గేటు దగ్గరికి నడిచాం. పట్టపగలు. గేటు లోపల కార్యదర్శి, ఇద్దరు కమిటీ వాళ్ళు.

"సంఘ సభ్యుడా? బాప్తిస్మం ఉన్నదా?" అన్నాడు కార్యదర్శి. "లేదు గదా! ఇయ్యాల ఒక్కణ్ణి పెట్టనిస్తే రేపు దవాఖానా శవాలన్ని ఈడికే తెస్తరు. లోపల ఎల్లుండి పెండ్లి ఉన్నది."

"లోపలొద్దు బిడ్డా, వరండాల పెట్టుకుంటం. తెల్లారంగనే తీస్కపోతరు."

"వరండా గూడ మందిరమే పెద్దమ్మా."

"అవ్, వరండా గూడ మందిరమే. గందుకే అడుగుతున్న," అంది.

అతను తాళం తీయలేదు. నేను నోటికి వచ్చినవన్నీ తిట్టాను, గోడకు చెప్పినట్టే అయింది. నేను అరుస్తుండగానే పెద్దమ్మ వెనక్కి తిరిగి రిక్షా దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ శవం తెల్లారేదాకా ఆమె ఒంటిగదిలో ఉంది. గదిలో శవాన్ని పెట్టిందని ఇల్లుగలాయన ఆమెను ఖాళీ చేయమన్నాడు. అప్పుడే నా వెనక గదికి తెచ్చుకున్నాను. ఆ తర్వాత ఆమె మళ్ళీ ఆ గుడి గడప తొక్కలేదు. ఆదివారాలు నా వాకిట్లో కూర్చుని, అక్కడి మైకులో పాట మొదలైతే ఇక్కడ గొంతు కలిపేది. ఆ దృశ్యం నేను భరించలేకపోయేదాన్ని.

పోయే ముందు వారం నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "నన్ను లోపలికి తీస్కపోకు. ఆ పిలగాణ్ణి యాడ ఆపిన్రో నన్ను గూడ ఆడ్నే ఆపు. కోపంతోని గాదు బిడ్డా. నేను లోపలికి పోతే వాళ్ళు జేసింది ఒప్పైపోతది."

అట్లాగే చేశాను. మర్నాడు గేటు ముందు రోడ్డు మీద రెండు స్టూళ్ళు వేసి పెట్టె దించాం. ఎండ మండిపోతోంది. లోపల ఫ్యాన్ల కింద పైనుంచి వచ్చిన పెద్దలు కుర్చీల్లో కూర్చున్నారు. గేటు బార్లా తెరిచారు. ఇంతమంది ముందు తెరవక ఏం చేస్తారు? "రాండి సిస్టర్, జల్దీ తీస్కరాండి," అని కార్యదర్శి రెండుసార్లు పిలిచాడు. నేను కదల్లేదు. ఇప్పటి పాస్టరు గారు వయసులో చిన్నవాడు, భయస్థుడు. కాసేపు అటూ ఇటూ చూసి, చివరికి బయటికి వచ్చి పెట్టె పక్కన నిలబడి ప్రార్థన చేశాడు. ఆయన వెనక కొందరు ఆడవాళ్ళు వచ్చారు. మిగతావాళ్ళు లోపల కూర్చునే ఆమెన్ అన్నారు.

బస్సు కండక్టరుతో నేను పంపిన కబురు అందుకుని అడివి ఊళ్ళ నుంచి జనం వచ్చారు. పెట్టె చుట్టూ కూర్చుని తమ భాషలో రాగం తీసి ఏడ్చారు. మా పాటల పుస్తకంలోని ఏ పాటలోనూ అంత దుఃఖం నేనెప్పుడూ వినలేదు. వాళ్ళలో ఆ పడుచువాడి పెళ్ళాం కూడా ఉంది. ఇప్పుడు పడుచుపిల్ల కాదు, జుట్టు నెరుస్తోంది. ఏడ్చి ఏడ్చి లేచింది. గేటు లోపలికి చూసింది, ఎండలో ఉన్న పెట్టెను చూసింది, నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఆ దినం మా ఇంటాయన్ని తెచ్చినప్పుడు లోపల గోడలకు సున్నమేస్తున్నరు, అంత తడున్నది, నా గదికి పోదం అన్నది పెద్దమ్మ," అంది. "మరి ఇయ్యాల ఆమెను ఎండల ఎందుకు పెట్టిన్రు? ఇయ్యాల గూడ సున్నమేస్తున్నరా?"

ఆ మాట నాకు అప్పటిదాకా తెలియదు. గెంటేసిన గుడి పరువును కూడా ఆమె ఆ పిల్ల ముందు కాపాడిందన్నమాట! గేటు పక్కన నిలబడ్డ కార్యదర్శి విన్నాడు, తల దించుకున్నాడు.

ఇంత నోరున్న నేను ఏమీ చెప్పకపోయేసరికి ఆమె గోడ దగ్గరికి నడిచింది. అరచెయ్యి గోడకు ఆనించి కాసేపు ఉంచింది. తీసి, తిప్పి చూసుకుంది. చేతికి ఏమీ అంటుకోలేదు.