డబ్బాగాడి చెవి పరీక్ష

మా తమ్ముడికి అమ్మానాన్న పెట్టిన పేరొకటి ఉంది గానీ, గుర్తింపు కార్డు మీద తప్ప అది ఎక్కడా బతికి లేదు. అందరికీ వాడు డబ్బా. ఐదేళ్లప్పుడు వంటింట్లోని ఖాళీ డబ్బాలన్నీ బోర్లించుకుని గరిటెలతో వాయిస్తూ కూర్చునేవాడు. అమ్మ నెత్తీ నోరూ బాదుకునేది. "ఒరేయ్ డబ్బా, చాలించరా, తల పగిలిపోతోంది!" ఆ తిట్టే చివరికి పేరైపోయింది. ఇవాళ పాటల కింద సంగీతం ఎవరిదో రాసే చోట కూడా అదే ఉంటుంది. సిగ్గు లేదురా అని అడిగితే, "అమ్మ పెట్టిన పేరే కదక్కా" అని ఇకిలిస్తాడు.

వాడు చేసే పనేమిటో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. పాడడు, రాయడు, వేదికెక్కడు. ర్యాప్ పాడేవాళ్లు గుక్క తిప్పుకోకుండా మాటలు విసిరేస్తుంటారే, ఆ మాటల కింద ఒక దరువు నడుస్తుంది. దాన్ని బీట్ అంటారు. ఆ బీట్ కట్టేది వీడు. చదువు అబ్బలేదు. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో ఆరేళ్లు కూర్చున్నాడు. ఎవరో పనికిరాదని వదిలేసిన కంప్యూటర్ని బతికించి ఇంటికి తెచ్చి, బీరువా పక్కన పెట్టి, గోడలకి పాత పరుపులు ఆనించి, ఇదే నా స్టూడియో అన్నాడు. ఇక చూడాలి వాడి తంతు! వాషింగ్ మెషీన్ గడగడ, లిఫ్టు తలుపు మూసుకునే చప్పుడు, అమ్మ చీపురు, నాన్న దగ్గు, ఏదీ వదల్లేదు. ఫోన్లో పట్టుకొచ్చి, ముక్కలు కోసి, బీట్లో అతికించేవాడు. తన దగ్గు పాటలో విని నాన్న రెండు రోజులు వాడితో మాట్లాడలేదు.

మొదట్లో వాడి బీట్ల మీద పాడింది ఒక్కడే, పొడుగోడు. అప్పట్లో సామాన్ల వ్యాను నడిపేవాడు. మూడేళ్లు వాళ్లిద్దర్నీ పట్టించుకున్న నాథుడు లేడు. నాలుగో ఏడు ఒక పాట ఎలా అంటుకుందో అంటుకుంది. బస్సుల్లో అదే, క్షౌరశాలల్లో అదే, కాలేజీ గేట్ల దగ్గర అదే. మా ఆసుపత్రి వాచ్‌మన్ కూడా గేటు మీద వేళ్లతో అదే దరువు వేస్తుంటే, "అది మా వాడిదే" అని ఆగి మరీ చెప్పాను. నమ్మలేదు. పోనీలే అనుకున్నాను గానీ వారం రోజులు ఒళ్లు మండుతూనే ఉంది.

నా సంగతి చెప్పలేదు కదూ. నేను ఆసుపత్రిలో చెవి పరీక్షలు చేస్తాను, పంతొమ్మిదేళ్లుగా. నాకు నోరెక్కువని అక్కడ అందరూ అంటారు. వినపడనివాళ్లతో రోజంతా గడిపేదానికి నోరు లేకపోతే ఎలా కుదురుతుంది? నాది మెత్తటి గోడలున్న చిన్న గది, మధ్యలో అద్దం. లోపల కూర్చున్నవాళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చేతిలో ఒక బటన్ పట్టుకుంటారు. బయట యంత్రం ముందు నేను. నా వైపు బటన్ నొక్కి ఒక కూత పంపుతాను. వినిపిస్తే వాళ్లు బటన్ నొక్కుతారు, నా ముందు పచ్చలైటు వెలుగుతుంది. కూత తగ్గించుకుంటూ పోతాను. లైటు వెలగడం ఆగిన చోట కాగితం మీద గుర్తు పెడతాను, కుడి చెవికి ఎర్ర సున్నా, ఎడమ చెవికి నీలం ఇంటూ. గుర్తులు పైన నిలిస్తే చెవి మంచిది, కిందికి జారితే వినికిడి పోతున్నట్టు. కాగితం మీద కింద సంతకం డాక్టరమ్మది. ఈ పంతొమ్మిదేళ్లలో నేను గీసినదాన్ని ఆవిడ తిరిగి చూసిన పాపాన పోలేదు.

ఆ పాట రాకముందు సంగతి. ఒకరోజు నేను క్యారేజీ మర్చిపోతే డబ్బా తెచ్చిచ్చాడు. ఇచ్చి పోకుండా నా వెనక నిలబడి, ఒక పెద్దాయనకి నేను పరీక్ష చేస్తుంటే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని చూస్తున్నాడు. బటన్ మీద నా వేలు టక్కుమంటున్న చప్పుడు రికార్డు చేస్తున్నాడట!

"అక్కా, నీ చెయ్యి చూసుకున్నావా ఎప్పుడైనా? రెండు సెకన్లకో నొక్కు. నిమిషానికి ముప్ఫై. ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు. నీ అంత తిన్నగా వాయించే డ్రమ్మర్ని నేను చూళ్లేదు, ఒట్టు!"

పొంగిపోయాను. నిజానికి అది మెప్పు కాదు, తప్పు. కూతలు ఒకే వేగంతో పంపకూడదనీ, పంపితే అవతలివాళ్లు లెక్క పట్టేస్తారనీ నాకు పని నేర్పిన మేడమ్ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నా దగ్గరికొచ్చే ముసలాళ్లు ఏం లెక్క పడతారులే అని పెడచెవిన పెట్టాను. ఆ టక్కు టక్కులతో డబ్బా ఒక బీట్ కూడా కట్టాడు. దానికి ‘అక్క చెయ్యి’ అని పేరు పెట్టాడు.

ఇక నా భయం మొదలైంది నిరుడు. డ్రమ్ముల పక్కన రెండు పల్చటి ఇత్తడి పళ్లేలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, హై-హ్యాట్ అంటారు. బీట్లో త్స్ త్స్ త్స్ అని పైన సన్నగా వినిపించేది అదే. డబ్బా ఏ పాట కట్టినా ముందు నాకే పంపిస్తాడు. నిరుడు పంపిన పాటలో ఆ త్స్ త్స్ కాస్త ఎక్కువనిపించింది. నా ఇయర్‌ఫోన్లు పాడయ్యాయేమో అనుకున్నాను. తరవాతి పాటలో ఇంకా ఎక్కువ. ఆ తరవాతి పాటకి చెవిలో సూది దించినట్టై ఇయర్‌ఫోన్లు పీకేశాను. మనిషి తనకి ఏది వినపడదో అదే పెంచుకుంటాడు. ఇది నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు, నా బతుకే అది.

అప్పట్నుంచి వాణ్ణి దొంగచాటుగా గమనించడం మొదలుపెట్టాను. భోజనాల దగ్గర కుడిపక్క మనిషి ఉండేలా కుర్చీ జరుపుకుంటున్నాడు. అమ్మ ఎడమపక్కనుంచి పిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. అమ్మేమో, "వీడికి పాటలు తప్ప మా మాటలు చెవికెక్కవు" అని విసుక్కుంటుంది. ఒకసారి అడిగేశాను.

"చెవిలో ఏమైనా గుయ్యిమంటోందిరా?"

"నీకు ప్రతివాడూ చెవిటివాడిలాగే కనిపిస్తాడే!" అని నవ్వి లేచిపోయాడు.

పొడుగోడు ఒకరోజు ఆసుపత్రికే వచ్చాడు. "అక్కా, మీరైనా చెప్పండి. ఆ త్స్ త్స్ తగ్గించరా అంటే ఒంటికాలి మీద లేస్తున్నాడు. వినేవాళ్లు కామెంట్లలో తిడుతున్నారు." నాకేం తెలుసయ్యా సంగీతం గురించి అని వాణ్ణి పంపించేశాను. ప్రతి పాటకీ డబ్బా ఫోన్ చేసి, "ఎలా ఉందక్కా? నిజం చెప్పు" అనేవాడు. "అదిరిందిరా" అనేదాన్ని. అని ఫోన్ పెట్టేసేదాన్ని. పరాయివాళ్ల చెవుల గురించి మొహం మీద చెప్పేదాన్ని, నా తమ్ముడి దగ్గర మాత్రం పిరికిదాన్నయ్యాను.

అలా ఉండగా వాడికి ఉద్యోగం వచ్చింది. పెద్ద సంగీత కంపెనీ, సొంత స్టూడియో, తలుపు మీద వాడి పేరు. పదిహేనేళ్లు పరుపుల మధ్య కూర్చున్నవాడికి అంతకంటే ఏం కావాలి? అంతా ఖాయమైంది. ఆరోగ్య పరీక్షల కాగితాలు శుక్రవారం లోపు ఇవ్వాలి. అందులో చెవి పరీక్ష ఒకటి.

"వేరే చోటికి పోనక్కా. నువ్వే చెయ్యి" అన్నాడు.

సరే, రేపు రా అన్నాను.

గురువారం పొద్దున్నే వచ్చాడు, భుజాన ల్యాప్‌టాప్ సంచీ, ఇస్త్రీ చొక్కా. లోపల కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టాను. కళ్లు మూసుకున్నాడు. కుడి చెవితో మొదలుపెట్టాను. కూత పంపాను, లైటు వెలిగింది. తగ్గించాను, వెలిగింది. ఇంకా తగ్గించాను, వెలిగింది. ఎడమ చెవికి మారాను. అదీ అంతే. ఇక ఆ త్స్ త్స్ లాంటి సన్నటి కీచు కూతల దగ్గరికి వచ్చాను. అక్కడే కదా తేలేది. పంపాను. లైటు వెలిగింది! తగ్గించాను, వెలిగింది. అట్టడుగుకి దించాను, వెలిగింది. ఎర్ర సున్నాలూ నీలం ఇంటూలూ కాగితం పైభాగంలో ఒకే వరసలో నిలబడ్డాయి.

ప్రాణం లేచొచ్చింది. ఏడాది పాటు ఉత్త పుణ్యానికి చచ్చానని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ సంతోషంలో అద్దంలోంచి వాడి వంక చూశాను. కళ్లు మూసుకునే ఉన్నాడు. తల మెల్లగా ఊగుతోంది. కుడికాలి మడమ నేల మీద ఆడుతోంది. చూస్తూ ఆగిపోయాను. నా వేలు బటన్ మీదే ఉంది, నొక్కలేదు.

లైటు వెలిగింది.

పొరపాటున తగిలిందేమో అనుకుని చెయ్యి పూర్తిగా తీసేసి ఒళ్లో పెట్టుకున్నాను. రెండు సెకన్లకి మళ్లీ వెలిగింది. మరో రెండు సెకన్లకి మళ్లీ. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. నిమిషంలో ముప్ఫై సార్లు. హెడ్‌ఫోన్లలో చిన్న చప్పుడు కూడా లేదు. నా తమ్ముడు అక్కడ తల ఊపుకుంటూ ఒక్కటి కూడా తప్పకుండా నొక్కుతున్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. తలుపు తోసుకుని వెళ్లి హెడ్‌ఫోన్లు లాగేశాను.

"నన్నే మోసం చేస్తావురా?"

తెల్లమొహం వేశాడు. "ఏం చేశానక్కా?"

"నిమిషం నుంచి నేనేం పంపట్లేదు! నువ్వు దేనికి నొక్కుతున్నావు?"

"పంపట్లేదా?" అన్నాడు. నా మొహం వంక చూశాడు, చేతిలోని బటన్ వంక చూశాడు. "వినిపించింది కదక్కా. అన్నీ వినిపించాయి. ఒట్టు, నాకు వినిపించింది."

వాడు అబద్ధం ఆడితే నాకు తెలుస్తుంది, చిన్నప్పట్నుంచీ తెలుస్తుంది. ఇది అబద్ధం కాదు. నా చెయ్యి ఎప్పుడు పడుతుందో వాడికి ఏళ్ల కిందటే తెలుసు. మిగతాది వాడి బుర్రే వాయించుకుంది.

మళ్లీ పరీక్ష చేశాను. ఈసారి మేడమ్ నేర్పినట్టు, ఒకసారి వెంటనే, ఒకసారి చాలాసేపు ఆగి, ఒకసారి రెండు కలిపి. కూత లేనప్పుడు లైటు వెలిగింది, కూత ఉన్నప్పుడు వెలగలేదు. లావు కూతలు బాగానే ఉన్నాయి. సన్నటి కూతల దగ్గరికి వచ్చేసరికి గుర్తులు జారిపోయాయి, ఎర్రవి సగం దాకా, నీలంవి ఇంకా కిందికి. పోయింది మళ్లీ రాదు. హెడ్‌ఫోన్లలో చప్పుడు తగ్గించుకుంటే ఉన్నదైనా నిలుస్తుంది. ఈ మాటలు రోజుకి పదిమందికి చెబుతాను. వాడికీ అవే చెప్పాను.

బల్ల మీద రెండు కాగితాలూ పక్కపక్కన ఉన్నాయి. వాడు రెండోదాని మీద వేలు పెట్టాడు.

"రెండోది ఇస్తే ఉద్యోగంలోకి తీసుకోరు కదా?"

"తీసుకోరు."

"మొదటిదీ నువ్వు గీసిందే కదక్కా." నా వంక చూడకుండా అన్నాడు. "డాక్టరమ్మ ఎలాగూ చూడదు. పదిహేనేళ్లక్కా. నీకు తెలియనిదా?"

తెలుసు. అందుకే నా చెయ్యి మొదటి కాగితం మీదికి పోయింది కూడా. దాచిపెట్టడం ఎందుకు, పోయింది. ఇచ్చేస్తే ఏం పోతుంది, వాడి పేరు తలుపు మీద ఎక్కుతుంది కదా అనుకున్నాను. ఆ తరవాత పాట పంపిస్తాడు, ఎలా ఉందక్కా అంటాడు, అదిరిందిరా అనాలి. బతికినన్నాళ్లూ అనాలి.

"నీ ల్యాప్‌టాప్ తియ్యి. మొన్న పంపిన పాట పెట్టు" అన్నాను.

"ఇప్పుడా?"

"పెట్టమంటే పెట్టరా!"

పెట్టాడు. త్స్ త్స్ త్స్ అంటూ మొదలైంది.

"ఏడాది నుంచి నీతో అబద్ధం చెబుతున్నాను. ఇది వినలేకపోతున్నానురా, చెవులు కోసేస్తోంది. పొడుగోడు చెప్పింది నిజం."

వాడి మొహం మాడిపోయింది. హై-హ్యాట్ ఒక్కదాన్నే తగ్గించే మీట మీద వేలు పెట్టి కొంచెం దించాడు.

"ఇప్పుడు?"

"ఇంకా ఎక్కువే."

"ఇప్పుడు?"

"ఇంకా దించు."

దించాడు. నా మొహం చూస్తూ దించుతున్నాడు. నాలుగోసారో ఐదోసారో నా చెవుల్లో పాట కుదురుకుంది. నిరుటికి ముందు వాడు కట్టిన పాటల్లాగే, ఆ త్స్ త్స్ పైన సన్నగా, హాయిగా నడుస్తోంది.

"ఆగు. ఇక్కడ. సరిగ్గా ఉంది."

వాడు స్పీకర్ దగ్గరికి వంగాడు. ముందు ఎడమ చెవి పెట్టాడు, తరవాత కుడిది పెట్టాడు. పాట అయిపోయేదాకా అలాగే వంగి ఉన్నాడు.

"ఇక్కడ నాకు త్స్ త్స్ అసలు లేనే లేదక్కా" అన్నాడు.

ఆ మాట అని మొదటి కాగితం తీసుకుని, రెండుగా చింపి, నా చేతిలో పెట్టాడు.

"రెండోదాని మీద సంతకం పెట్టించు."