మూడామడల చుట్టు

కంప్యూటరు చెప్పిందంటే ఇక తిరుగు లేదని నమ్మే రోజులవి. ఆ రోజుల్లో నేను నంద్యాలలో ఒక చిన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. నెట్‌లో మ్యాపులు అప్పుడప్పుడే వచ్చాయి. వాటి మీద చుక్కలు పెట్టడం, గీతలు గీయడం నేర్చుకుని, భూగోళం మొత్తం నా చేతిలోకి వచ్చేసినట్టు తిరిగేవాణ్ణి. (జీతం మాత్రం నెల మధ్యలో చేతిలోకి వచ్చేది, అది వేరే సంగతి.) ఆ గర్వంతో నా పెళ్లి నేనే చెడగొట్టుకోబోయాను.

ఆళ్లగడ్డలో ఒక బట్టల కొట్టు వాళ్ల అమ్మాయిని చూసి వచ్చాం. ఆ అమ్మాయికి నేను నచ్చాను. నాకైతే ఆ రోజు నుంచి అన్నం సయించడం మానేసింది. ఇరువైపులా అందరూ సరేనన్నాక వాళ్ల నాయనమ్మ అడ్డం పడింది. ఇంట్లో అందరికీ ఆమె అవ్వే. కొట్టులో ఆమె మాటకు ఎదురు లేదు, ఇంట్లో అసలే లేదు. "మూడామడలు దాటి పిల్లనియ్యను" అంది. ఆమడంటే ఎనిమిది మైళ్లు, మూడామడలంటే ముప్ఫై ఎనిమిదిన్నర కిలోమీటర్ల పైచిలుకు. రోడ్డు పక్క రాళ్లు లెక్కపెడితే నంద్యాల అంతకన్నా దూరమే. అవ్వ పట్టుదలకు కారణం ఉంది. తన కూతుర్ని ప్యాపిలి అవతల ఇచ్చింది. జబ్బు చేసిందని కబురొస్తే బయల్దేరిందట. "మూడు బస్సులు మారి పొయ్యేపొద్దికి అంతా అయిపోయిండె నాయనా. మొగం గూడా చూడలే" అంది.

నోరు మూసుకుని వచ్చేయాల్సిన చోట నేను నోరు తెరిచాను. "రోడ్డు వంకర్లు తిరుగుతుంది అవ్వా. తిన్నగా కొలిస్తే మేము మూడామడల లోపలే ఉంటాం. కంప్యూటర్లో చుట్టు గీసి తెస్తా, నీవే చూడు" అన్నాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "సరే, తీసకరాపో" అంది.

ఆళ్లగడ్డను నడిమధ్య పెట్టి మూడామడల చుట్టు గీశాను. తెర మీద ఎర్రగీత నంద్యాల పేరు మీదుగానే పోయింది, ఇంకేం కావాలి! చిన్న కాగితమైతే అవ్వ కళ్లకు ఆనదని ఫ్లెక్సు షాపులో పెద్దదిగా కొట్టించాను. (పెళ్లి సంబంధానికి ఫ్లెక్సు మోసుకెళ్లినవాణ్ణి మా జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.) తోడుగా వచ్చిన మా మేనమామ, నేనూ కలిసి వాళ్ల హాల్లో దాన్ని పరిచాం. అవ్వ కళ్లద్దాలు సర్దుకుని, వంగి, గీత వెంబడి వేలు పెట్టుకుంటూ పోయింది. వేలు నంద్యాల కాడికొచ్చి ఆగింది.

"మీ వీధి యాడుందప్పా?"

చూపించాను. చూపించిన తర్వాతే నాకూ కనబడింది. గీత ఊరికి దక్షిణాన పొలాల్లోనే మలుపు తిరిగిపోయింది. మా వీధి బయట పడింది, కిలోమీటరు కూడా లేదు తేడా.

"బయట ఉండాది గదా" అంది అవ్వ. మామ నా చెవిలో, "రేయ్, స్కెచ్ పెన్నుతో గీత లావు చేయరా" అన్నాడు. లోపలి గదిలో నుంచి కిసుక్కున నవ్వు వినిపించింది. ఆ నవ్వు ఎవరిదో తెలిసి ఇంకా కుంగిపోయాను. ఫ్లెక్సు చుట్టుకుని బస్సెక్కాం.

మూడు రోజులు ఆ ఫ్లెక్సును మంచం కిందికి తోసి తిరిగాను. నాలుగో రోజు మా లెక్కల సారు దగ్గరకు పోయి గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన నా ప్రోగ్రాము చూసి, "గుండ్రటి భూమిని బల్లపరుపుగా పరిచినారు గదరా, సాగకుండా ఎట్లా పరుస్తారు? భూమధ్యరేఖకు దూరం పోయేకొద్దీ ఎక్కువ సాగుతుంది. మన దిక్కున నేల మీది నూరు మీటర్లు ఆ మ్యాపులో దాదాపు నూటా నాలుగు. నువ్వు మ్యాపు మీటర్లనే నేల మీటర్లనుకున్నావు" అన్నాడు. ఆ సాయంత్రం ఆయన పక్కన కూర్చుని సైన్లు, కాస్‌లు వేసి, గుండ్రటి భూమి మీద ఒక్కొక్క చుక్కా లెక్కకట్టి చుట్టు మళ్లీ గీశాను. మా వీధి లోపలికి వచ్చింది. ఎగిరి గంతేశాను. సారు ఇంట్లో ఫ్యాను తగలబోయింది.

మళ్లీ ఆళ్లగడ్డ. మళ్లీ ఫ్లెక్సు. అవ్వ చూసి, "మొన్న బయట ఉండె, ఈపొద్దు లోపలికొచ్చె. ఇంగో వారానికి మీ నంద్యాల మా నట్టింట్లోకే వస్తాదేమో" అంది. చెమటలు కారుతుండగా భూమి, రేఖలు, సాగడం అంటూ చెప్పడం మొదలుపెట్టాను. సగంలోనే చెయ్యెత్తి ఆపింది.

"గుడ్డను లాగిపట్టి కొలిస్తే, ఇంటికి పొయ్యేతలికి పొట్టిదైతాది. నీ మొదటి చుట్టు గూడా అట్లా పొట్టిదైంది, అంతేనా? మా ఆయన కొట్లో ఎవర్నీ గుడ్డ లాగి కొలవనిచ్చేవాడు గాదు."

నేను ఒక సాయంత్రమంతా కూర్చుని నేర్చుకున్నది ఆమెకు మూడు మాటల్లో అర్థమైంది. తల ఊపాను.

"ఈ లెక్కకు గూడా బయటే పడింటే ఏం చేసిండేవాడివి?"

అబద్ధం చెప్పే ఓపిక లేదు. "ఇంగో లెక్క వెతుక్కోని వచ్చిండేవాణ్ణి అవ్వా" అన్నాను.

అవ్వ పగలబడి నవ్వింది. నవ్వి, కళ్లు తుడుచుకుని మా మామతో, "లెక్కలు నాకు తెల్దప్పా. పిల్ల కోసరం ఇన్నితూర్లు వచ్చేవాడు, నన్ను పిల్ల కాడికి రానీకుండా ఉంటాడా? ముహూర్తం పెట్టించండి" అంది.

పెళ్లయ్యాక అవ్వ తన మూడామడలను బాగానే వాడుకుంది. మా ఇద్దరికీ చిన్న మాట పట్టింపు వచ్చినా చాలు, ఎవరు చెప్పేవారో ఏమో, తెల్లారి మొదటి బస్సుకు మా ఇంట్లో ఉండేది. తీర్పు ఎప్పుడూ మనవరాలి వైపే. ఆ పొట్టి చుట్టే నిజమై ఉంటే బాగుండేదేమో అని లోలోపల అనుకున్న పాపం నాది.

అవ్వ పోయి కొన్నేళ్లయింది. ఒంట్లో బాగాలేదని ఫోన్ రాగానే బయల్దేరాం, వేళకే చేరాం. మనవరాలి చెయ్యి పట్టుకుని, ఆమె ముఖం చూస్తూనే పోయింది. తాను వెళ్లడం కోసం పెట్టుకున్న దూరం మేము రావడానికి పనికొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు మా ఆవిడ నా భుజం మీద తల పెట్టుకుని, "దగ్గరే గదా" అంది.

ఇప్పుడు ఫోన్లో వేలు పెడితే సరైన చుట్టు దానంతటదే గీసుకుంటుంది. సైన్లు, కాస్‌లు నేను ఎప్పుడో మరిచిపోయాను. చంకలో ఫ్లెక్సు పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సులో నిలబడ్డ ఆ బక్కపలచటి కుర్రాడు ఎక్కడైనా కనబడితే మాత్రం భుజం తట్టాలనిపిస్తుంది. లెక్క సరిచేసుకున్నందుకు కాదు, పరువు పోయిన ఇంటికి మళ్లీ బస్సెక్కినందుకు.