మడతలో వదిలిన గుడ్డ

మా తోడికోడలిని వీధంతా "మిషను పిన్ని" అంటారు. బడి యూనిఫారాలు కుడుతుంది. మా ఉమ్మడి ఇంటి ముందు గదిలో కుట్టుమిషను, గోడకు వరసగా కాలర్లు, నేల నిండా నీలం పీలికలు. అన్నం తింటుంటే కంచంలోనూ దారప్పోగులే! పిల్లలు లేరు. మా మరిది పోయాక ఆ మిషనే ఆమె లోకం. ఉత్త మెతక మనిషి, ఎవరేమడిగినా కాదనలేదు. అలాంటిది, నన్ను మాట మాత్రమైనా అడగకుండా పిల్లల హోం నుంచి ఓ ఆడపిల్లను తెచ్చుకుంది.

వచ్చీ రాగానే ఆ పిల్ల నా నడుము వాటేసుకుని "అమ్మా" అంది. నాకు ఒళ్లు మండింది. ఇప్పుడే చూసిన మనిషి మీద అంత ప్రేమ ఎక్కణ్ణుంచి ఊడిపడింది? పాలు పోసే ఆవిడా అమ్మే, గుండీలు తెచ్చే ఆవిడా అమ్మే. యూనిఫారం కోసం ఎవరొచ్చినా ఒళ్లోకెక్కి కూర్చునేది. ఒకసారి ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకుని వెళ్లిపోతుంటే వీధి చివరి నుంచి నేనే ఈడ్చుకొచ్చాను.

తనను తెచ్చుకున్న మిషను పిన్నిని మాత్రం ఏ వరసా పెట్టి పిలిచేది కాదు. సూది వేలిలో దిగినా ఏడవలేదు, చెప్పలేదు. తెల్ల కాలరు మీద మరక చూస్తే మాకు తెలిసింది. దిండు కింద వెతికితే ఎండిన రొట్టెముక్కలు. ఇది నాటకాల పిల్ల, ఎప్పుడో మా కొంప ముంచి పోతుందని నా అనుమానం. దాని మీద ఓ కన్నేసి ఉంచాను.

"చిన్నపిల్ల అక్కా, నెమ్మదిగా అలవాటవుతుందిలే" అనేది మిషను పిన్ని.

"దానికి ఊరంతా అలవాటేనమ్మా! నీకే కాలేదు" అన్నాను. పాపం, మొహం చిన్నబుచ్చుకుని మళ్లీ మిషను తొక్కింది.

ఆ మధ్య పిల్ల కోసం కొత్త గుడ్డ కొని గౌను కుట్టింది. అంచు మడతలో జానెడు గుడ్డ వదిలింది. పెరిగే పిల్లలకు అలాగే కుడతారు, పొడుగైనప్పుడల్లా కొంచెం కొంచెం విప్పుకోవచ్చు. మర్నాడు చూస్తే ఏముంది! ఆ మడతంతా పిల్ల కత్తెరతో కోసి, ముక్కలు చేసి పెట్టింది.

"చూశావా, నెత్తినెక్కించుకున్నావుగా!" అని నేనే హోం మేడంకి ఫోన్ చేసి రమ్మన్నాను. మొదట కొన్నాళ్లు చూడటానికే పిల్లను ఇస్తారట, ఇంట్లో పెద్దవాళ్లందరూ ఒప్పుకుంటేనే ఉంచుతారట. నేను కాదంటే చాలు. సంగతి తెలిసి మిషను పిన్ని తొక్కుతున్న మిషను ఆపేసింది.

మేడం గుమ్మంలో అడుగు పెట్టగానే పిల్ల ఆమె వేలు పట్టుకుంది. "అమ్మా, వెళదామా?" అంది నవ్వుతూ. మిషను పిన్ని అక్కడే కూలబడింది. నేను గౌను తెచ్చి చూపించాను.

"ఎందుకు కోశావమ్మా?" అని అడిగింది మేడం.

"హోంలో నా గౌన్ల మడతలు విప్పి పొడుగు పిల్లలకి ఇచ్చేసేవాళ్లు. ఇక్కడికి కూడా ఎవరో పొడుగు పిల్ల వస్తుంది. అప్పుడు నన్ను పంపేస్తారు. లోపల గుడ్డ లేకపోతే దానికి సరిపోదుగా!"

మిషను పిన్ని ఏడుస్తూనే నవ్వింది. "ఆ పొడుగు పిల్లవి నువ్వేనే, పిచ్చిమొహమా! నువ్వు పెరుగుతావనే పెట్టాను."

పిల్ల నమ్మలేదు. ఆమెను ఎగాదిగా చూసింది, అచ్చం నేను దాన్ని చూసినట్టే. ఓరి దేవుడా, అనుమానంలో నన్ను మించిపోయింది! తర్వాత మేడం వేలు వదిలేసి నా ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వు చెప్పు. ఈమె నేను ఏడుస్తానని అలా అంటోంది. నీకు నేనంటే ఇష్టం లేదుగా, నువ్వైతే ఉన్నదే చెప్తావు. నేను ఇక్కడే పెరుగుతానా?"

మేడం నా వైపే చూస్తోంది. దాని మీద నా అనుమానాలు ఒక్కటీ పోలేదు.

"పెరుగుతావు, ఇక్కడే" అన్నాను.

"ఒట్టు వెయ్యి."

నా చెయ్యి పట్టుకుంది. తన తల మీద పెట్టుకుంటుందనుకున్నాను. తిన్నగా లాక్కెళ్లి మిషను పిన్ని తల మీద పెట్టి, నా మొహంలోకి కళ్లార్పకుండా చూసింది. ఒట్టేశాను.