కెన్నెత్ పేరు ఎవరికి?

మర్డీనా తల్లి కడుపులో ఉండగానే బాబాయి మర్డో చేపలవేటకు వెళ్లి సముద్రంలో కలిసిపోయాడు. స్కాట్లండులోని వాళ్ల లూయిస్ దీవిలో, పోయినవాడి పేరు ఆ ఇంట్లో తర్వాత పుట్టే బిడ్డకే. ఆడపిల్లయితే మాత్రం ఏం, చివర 'ఈనా' తగిలించి పెట్టేస్తారు. నాయనమ్మ రోజూ వాకిట్లో నిలబడి ఆ పేరు నోరారా పిలుచుకునేది. ఊళ్లో ఎవరికీ అది వింత కాదు.

వింతయింది ఇంగ్లండు వెళ్లాక, లివర్‌పూల్‌లో. మర్డీనా పెళ్లికి ముందే అక్కడి ఆసుపత్రి వంటగదిలో పనికి చేరింది. తోటివాళ్లు ముగ్గురు: ఇద్దరు కారెన్‌లు, ఒక ట్రేసీ. ఈమె పేరు వినగానే పడీపడీ నవ్వారు.

"ఇదేం పేరు తల్లీ, మాకు నోరు తిరగదు. డీనా అంటాంలే," అంది పెద్ద కారెన్.

"పిలిస్తే మొత్తం పిలువు, లేకపోతే మానెయ్," అంది మర్డీనా, బంగాళాదుంపల మీంచి తలెత్తకుండా.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. కొన్నేళ్లకు ఆ వంటగది మొత్తం ఆమె చేతికిందికొచ్చింది. పెద్ద కారెన్ మొత్తం పేరే పిలిచేది. కూతురు ఇష్‌బెల్‌ను పెళ్లాడిన డారెన్‌ది అచ్చంగా ఇంగ్లండు. అతనూ మొదటిరోజు 'డీనా గారూ' అనబోయి అవే చివాట్లు తిన్నాడు.

ముసలితనంలో దీవికి తిరిగొచ్చింది మర్డీనా. పోయిన చలికాలం పడవ తిరగబడి తమ్ముడు కెన్నెత్ పోయాడు. పెళ్లాం పిల్లలు లేనివాడు. ఇష్‌బెల్ మొగుడి ఊరు కెంట్‌లో నెలలు నిండి ఉంది, పుట్టేది ఆడపిల్లని తేలింది. ఆ బిడ్డకు పెట్టకపోతే తమ్ముడి పేరు ఇక పిలిచేవాళ్లుండరు.

"ఫోన్లో ఒక్కమాట అడగరాదూ అక్కా," అంది పక్కింటి ఎఫీ. "లేకపోతే నీ మనవరాలు పాపీయో రూబీయో అవుతుంది. అక్కడి బళ్లో వరసకో పాపీ ఉంటుందట."

"మన బళ్లో వరసకో మర్డో లేడా? అడిగి పెట్టించుకుంటే అది పేరు కాదే, ముష్టి. నేనడగను."

అడగలేదు. కానీ ఫోను మోగినప్పుడల్లా చేతిలో పని వదిలేసి పరుగెత్తేది.

బిడ్డ పుట్టిందని కబురు రాగానే కెంట్ వెళ్లింది. పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. ఉయ్యాల పక్కన వియ్యపురాలు జానిస్ ముఖం మాడ్చుకుని కూర్చుంది.

"కెన్నెతీనా అట వదినా. మా వీధిలో ఎవరికి చెప్పుకోను? నేను మాత్రం టీనా అనే పిలుస్తా."

బిడ్డ బట్టలు మడతపెడుతున్న డారెన్ తల కూడా ఎత్తలేదు.

"అమ్మా, పిలిస్తే మొత్తం పిలువు, లేకపోతే మానెయ్."

మర్డీనా బిడ్డను ఎత్తుకుని వాకిట్లోకి వెళ్లింది. వీధి వీధంతా తలుపులు తీసి చూసేలా, ఒకప్పుడు తమ్ముణ్ణి అన్నానికి పిలిచినంత గట్టిగా, ఆ పేరు మొత్తం పిలిచింది.